కయత్తారులో నిలిచిపోయిన వయస్సు

కోవిల్పట్టి నుండి తిరునెల్వేలికి పోయే రోడ్డు మీద కయత్తారు తగులుతుంది. బస్సులో పోయే మనవారు అక్కడి విగ్రహానికి ఒక దండం పెట్టుకొని సాగిపోతారు. ఆయన ఎన్నేండ్లు బ్రతికాడని మా పిల్లవాడు అడిగినప్పుడు లెక్క వేసి చూచి మేము నివ్వెరపోయాము. 1760 జనవరి 3న పుట్టిన వీరపాండ్య కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న ఆ ఊరిలో ఉరితీశారు. నిండా నలభై లేవు. మాకంటె నాలుగైదేండ్లు పెద్ద, అంతే!

ఆయన పాంచాలంకురిచ్చి పాలెగారు. ఇంటి భాష తెలుగు, కులదేవత జక్కమ్మ. గెట్టిబొమ్ము అన్న మన మాటే తమిళుల నోట కట్టబొమ్మన్ అయినదని పెద్దలు చెబుతారు.

తగవు కిస్తు బకాయిలతో మొదలైంది. 1798లో కలెక్టరు జాక్సన్ దొర ఆయనను తన డేరాల వెంట ఊరూరా త్రిప్పుకొని, చివరకు రామనాథపురంలో దర్శనమిచ్చాడు. సెప్టెంబరు 10న అక్కడ జరిగిన పెనుగులాటలో క్లార్కు అనే అధికారి చనిపోయాడు. విచారణ జరిపి కుంపిణీవారు జాక్సన్‌నే తొలగించారు. ఆ మీదట కట్టబొమ్మన కిస్తు చెల్లించి డెబ్బదియేండ్లు బ్రతికి ఉంటే ఏమయ్యేది? బకాయిల దస్తరాలలో ఎవరూ వీరులు కారు. అది మాబోటి గుమాస్తాలకు బాగా తెలుసు.

మరుసటి ఏడు సెప్టెంబరులో మేజరు బానర్మన్ కోటను ముట్టడించాడు. తప్పించుకొని పోయిన కట్టబొమ్మనను పుదుక్కోట రాజు పట్టి అప్పగించాడు. కయత్తారులో తక్కిన పాలెగాండ్రందరినీ పిలిపించి, వారి కండ్లయెదుటనే విచారణ జరిపి, చింతచెట్టుకు ఉరివేశారు. భయపెట్టడానికి చేసిన ఆ పనే ఆయనను పాటలకెక్కించింది.

అయితే చిన్న వయసు చావు ఒక్కటే కీర్తి తెస్తుందనుకోవడం సరికాదు. తమ్ముడు ఊమైదొర 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి తప్పించుకొని, కూలిన కోటను మళ్ళీ లేపి, మే నెలదాకా నిలబడ్డాడు. మా మట్టుకు అదే పెద్ద యుద్ధం. ఆయననూ ఆ నవంబరులో ఉరితీశారు. కాని పేరంతా అన్నకే పోయింది. 1959 నాటి సినిమాలో ముప్పదియేండ్ల శివాజీ గణేశన్ వేసిన వేషమే జనం కండ్లలో నిలిచింది. తెలుగువారికి ఆ చిత్రం కట్టబ్రహ్మన పేరుతో వచ్చింది. కయత్తారులో స్థలం కొని 1970లో విగ్రహం నిలిపిందీ శివాజీయే.

మరొక సంగతి చెప్పుకోవడం మనకు కష్టం. కుంపిణీ పక్షం వహించిన ఎట్టయపురం పాలెగారి ఇల్లూ తెలుగిల్లే. పట్టి అప్పగించింది పుదుక్కోట అయినా, తమిళంలో ద్రోహికి పర్యాయపదమైనది ఎట్టప్పన్ పేరు. సభలలో మనం ఒకరిని మావాడంటాము, రెండవవారి ఊసెత్తము.

ఈ సెలవులలో పిల్లలను పాంచాలంకురిచ్చికి తీసుకొనిపోదామనుకుంటున్నాము. 1974లో కట్టిన క్రొత్త కోట అక్కడ ఉన్నది. ఊమైదొరను ఉరితీసినది ఆ ఊరిలోనే.