మన రైలు దారిలో ఒక డాక్టరమ్మ



మన మల్కాజ్‌గిరి స్టేషన్‌లో నిజామాబాద్ వైపు వెళ్లే రైలు ఎక్కితే బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి దాటాక డిచ్‌పల్లి వస్తుంది. పిల్లల అక్షరాభ్యాసానికి బాసర వెళ్లినప్పుడు మీలో చాలామంది ఆ స్టేషన్ దాటే ఉంటారు. ఈసారి అటు వెళ్తే మీ పిల్లలకు డాక్టర్ ఇసాబెల్ కెర్ గురించి చెప్పండి. జనవరి 30న మన దేశంలో కుష్టు వ్యాధి వ్యతిరేక దినం జరుపుతారు కాబట్టి, ఈ నెల ఆమె జీవితం గురించి రాస్తున్నాను.

ఇసాబెల్ 1875లో స్కాట్లాండ్‌లో పుట్టారు. ఆడపిల్లలు డాక్టర్ చదవడమే అరుదైన ఆ రోజుల్లో, 1903లో అబర్దీన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా తీసుకున్నారు. అదే ఏడాది క్రైస్తవ బోధకుడైన జార్జ్ కెర్‌తో పెళ్లయింది. 1907లో భార్యాభర్తలిద్దరూ మెథడిస్ట్ మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చి నిజామాబాద్‌లో పని మొదలుపెట్టారు.

అప్పట్లో కుష్టు వ్యాధిని మనవాళ్లు పెద్దరోగం అనేవారు. ఆ మాట చెప్పడానికే భయపడేవారు. రోగం వచ్చిన మనిషి ఇల్లు వదిలి ఊరి బయట బతకాల్సిందే. పూర్వజన్మ పాపమని కొందరు, దేవుడి శాపమని కొందరు అనేవారు. ఇది మన దేశంలోనే ఉన్న భయం కాదు. యూరప్‌లో కూడా ఒకప్పుడు ఈ రోగులను ఊరికి దూరంగా ఉంచేవారు.

ఈ రోగులకు ఆ ప్రాంతంలో దిక్కు లేదని ఇసాబెల్ గమనించారు. సువార్తల్లో యేసు కుష్టురోగిని చేత్తో తాకి బాగుచేసిన ఘట్టం ఉంది. ఆదివారం ఆ ఘట్టం విని, సోమవారం దారిలో అలాంటి మనిషి కనిపిస్తే పక్కకు తప్పుకోవడం మనకు తేలికే. ఆమె మాత్రం తప్పుకోలేదు. 1911లో ఆ దంపతులు రోగుల కోసం ఒక చిన్న ఆశ్రయం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ అది సరిపోలేదు.

అప్పుడు ముందుకొచ్చిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు, నిజామాబాద్‌లో పేరున్న ధనవంతుడు. క్రైస్తవ మిషన్ నడిపే ఆసుపత్రికి ఆయన పెద్ద మొత్తం ఇచ్చారు. అలా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్టు ఆసుపత్రి వెలిసింది. ఆమెను ఈ పనికి నడిపించింది ఆమె విశ్వాసం. ఆ పని నిలబడటానికి మరో మతస్థుడి చేయి కూడా తోడైంది. మీది ఏ మతమైనా, ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పండి.

ఆ రోజుల్లో ఇప్పటిలాంటి మందులు లేవు. చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజల నుంచి తీసిన నూనెను ఇంజక్షన్‌గా ఇచ్చేవారు. నొప్పి ఎక్కువ. ఒకటి రెండు సూదులతో అయిపోయేదీ కాదు, నెలల తరబడి చేయించుకోవాలి. ఇసాబెల్ ఈ వైద్యాన్ని ఓపికగా సాగించారు. ఆమె సేవకు 1923లో బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె కన్నుమూశారు. ఆమె తర్వాత కూడా ఆసుపత్రి పని ఆగలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న బహుళ ఔషధ చికిత్సతో ఈ వ్యాధి పూర్తిగా నయమవుతుంది. సాధారణంగా ఆరు నెలల నుంచి పన్నెండు నెలల కోర్సు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఉచితం. ఒంటి మీద పాలిపోయిన మచ్చ వచ్చి అక్కడ స్పర్శ తెలియకపోతే, దాచకుండా డాక్టర్‌కు చూపించాలి. ముందుగా గుర్తిస్తే వైకల్యం రాదు. ఇక బొల్లి మచ్చలు వేరు, అవి అసలు అంటుకోవు.

రోగానికి మందు దొరికింది కానీ మనిషిని దూరం పెట్టే అలవాటు ఇంకా పోలేదు. క్లాసులో ఒక పిల్లాడి చేతి మీద మచ్చ కనిపిస్తే పక్కవాళ్లు బెంచీ చివరికి జరుగుతారు. ఆ జరగడం వాళ్లు పుట్టుకతో నేర్చుకున్నది కాదు. సిగ్నల్ దగ్గర ఎవరైనా చేయి చాపితే మనం కారు అద్దం ఎంత గబగబా ఎక్కిస్తామో, వెనక సీట్లోంచి వాళ్లు చూస్తూనే ఉంటారు.

సేవ అంటే పెద్ద ఆసుపత్రి కట్టడమే కానక్కర్లేదు. ఈ నెలలో ఒక్కసారైనా, మనం తప్పించుకు తిరిగే ఒక మనిషిని పిల్లల ముందే పేరు పెట్టి పలకరిద్దాం. మిగతాది వాళ్లే నేర్చుకుంటారు.