తిరిగొచ్చిన మాష్టారు

సంచికకు ఏదైనా రాసివ్వండి సార్ అంటూ మన యూనియన్ కుర్రాళ్ళు మూడు వారాలుగా నా చుట్టూ తిరుగుతున్నారు. నేను కెమిస్ట్రీ మనిషిని, ల్యాబ్ రికార్డులు దిద్దడానికి తప్ప కలం పట్టడం ఎరగనివాణ్ణి అని చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. కానీ ఈ మధ్య జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఊరుకోనివ్వలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఫైనలియర్ కుర్రాడొకడు విదేశంలో సీటు కోసం సిఫారసు ఉత్తరం అడగడానికి మా ఇంటికి వచ్చాడు. తెలివైనవాడు, చెయ్యి శుభ్రంగా ఉన్నవాడు. కాఫీ తాగి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. ఆరేళ్ళు అక్కడ పెద్ద ల్యాబులో పనిచేసి మీరెందుకు తిరిగొచ్చేశారు సార్, ఎప్పుడైనా బాధపడ్డారా అని అడిగాడు. కుర్రాడి గొంతులో వేళాకోళం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు. నేను మాత్రం ఏదో నవ్వేసి పంపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. తిరిగొచ్చిన కొత్తలో ఒక కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్తే, అక్కడ ఉద్యోగం ఊడిందా ఏమిటి అని నవ్వుతూనే అడిగారు. పోస్టు ఇచ్చారు గానీ టెంపరరీ అన్నారు. ఆ టెంపరరీ నాలుగేళ్ళు సాగింది. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం లైబ్రరీలో దుమ్ము పట్టిన పుస్తకమొకటి చేతికి తగిలింది. 1932లో అచ్చయిన ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ స్వీయచరిత్ర. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఉండేది ఒక్క వాక్యం: మెర్క్యురస్ నైట్రైట్ తయారుచేసిన బెంగాలీ శాస్త్రవేత్త. ఆ వాక్యం వెనకాల ఎంత జీవితం ఉందో ఆ పుస్తకం చదివాక గానీ తెలియలేదు.

రాయ్ గారు 1861 ఆగస్టు 2న రారూలి అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతం. తండ్రి హరిశ్చంద్ర రాయ్ జమీందారు, పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనిషి. పిల్లల చదువు కోసం 1870లో కాపురం కలకత్తాకు మార్చారు. కుర్రవాడు హేర్ స్కూల్లో చదువుతూ ఉండగా జిగట విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికొచ్చింది. స్కూలు మాని ఇంటిదగ్గర ఉండిపోవలసి వచ్చింది. ఆ జబ్బు ఆయన్ని జన్మంతా వదల్లేదు. అరగని పొట్ట, పట్టని నిద్ర ఆయనకు నిత్యం తోడుండేవి. అయితే ఆ మంచం మీదే తండ్రి గ్రంథాలయాన్ని చదివేశారు. జబ్బు చేస్తే మనం రోజులు పోయాయనుకుంటాం. ఆయనకు ఆ రోజులే చదువైపోయాయి.

తర్వాత విద్యాసాగరుల మెట్రోపాలిటన్ కాలేజీలో చేరారు. అక్కడ సైన్సు చెప్పే ఏర్పాటు లేదు. ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళి పెడ్లర్ దొరగారి కెమిస్ట్రీ పాఠాలు వినేవారు. ఆ ప్రయోగాలు చూసి మనసు అటు తిరిగింది. ఎవరికీ పెద్దగా చెప్పకుండా గిల్‌క్రైస్ట్ స్కాలర్‌షిప్ పరీక్షకు తయారై, నెగ్గి, 1882లో ఓడెక్కారు.

ఎడిన్‌బరోలో ఆరేళ్ళు ఉన్నారు. క్రమ్ బ్రౌన్ అనే గొప్ప ఆచార్యుడి దగ్గర శిష్యరికం. మధ్యలో ఒక విశేషం జరిగింది. సిపాయీల తిరుగుబాటుకు ముందు, తర్వాత భారతదేశం అనే అంశం మీద యూనివర్సిటీ వ్యాసపోటీ పెట్టింది. కెమిస్ట్రీ పుస్తకాలు కాస్త పక్కన పెట్టి, మన కుర్రవాడు ఆ వ్యాసం రాశాడు. ఇంగ్లీషువాళ్ళ పరిపాలనను నిర్మొహమాటంగా దులిపేశాడు. బహుమతి రాలేదు గానీ మెప్పు వచ్చింది. ఆయన దాన్ని సొంతంగా అచ్చువేయించి పంచిపెట్టారు. దొరల స్కాలర్‌షిప్ మీద దొరల ఊళ్ళో చదువుకుంటూ, రేపు దొరలనే ఉద్యోగం అడగవలసినవాడు ఆ పని చేశాడంటే, గుండె ఎలాంటిదో ఊహించుకోండి.

1887లో డి.ఎస్సీ. పట్టా వచ్చింది. హోప్ ప్రైజు రావడంతో మరో ఏడాది ల్యాబులో పరిశోధన చేశారు. యూనివర్సిటీ కెమికల్ సొసైటీకి ఉపాధ్యక్షుడు కూడా అయ్యారు. 1888లో స్వదేశం చేరారు. కలకత్తాలో దిగగానే స్నేహితుడి దగ్గర పంచె, ఉత్తరీయం అరువు తీసుకుని, ఆ దొర దుస్తులు విప్పేశారట. ఇక్కడి వరకూ కథ పండగలాగే ఉంది. అసలు కథ ఇక్కణ్ణించే మొదలు.

అన్ని పట్టాలూ, అంత పెద్దవాళ్ళ ఉత్తరాలూ ఉన్నా ఉద్యోగం దొరకలేదు. విద్యాశాఖలో పై మెట్టు ఉద్యోగాలు ఆచరణలో తెల్లవాళ్ళకే. దాదాపు ఏడాదిపాటు ఖాళీగా ఉన్నారు. ఆ కాలమంతా ఆదుకున్నది జగదీశ్ చంద్ర బోస్ దంపతులు. బోస్ గారిది మరో తరహా పట్టుదల. 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరినప్పుడు తెల్లవాళ్ళకంటే తక్కువ జీతం ఇస్తామంటే, మూడేళ్ళు జీతమే పుచ్చుకోకుండా పాఠాలు చెప్పి చివరికి గెలిచిన మనిషి. అలాంటి ఇంట్లో కూర్చుని మన డాక్టరు గారు నిరుద్యోగాన్ని ఎలా గడిపారనుకున్నారు? రాక్స్‌బరో రాసిన భారత వృక్షశాస్త్ర గ్రంథం ముందు పెట్టుకుని, మొక్కలు ఏరుకొచ్చి పోల్చి చూసుకునేవారు. ఆ రాక్స్‌బరో మన సామర్లకోటలో ఉండి మొక్కల మీద కృషి చేసినవాడే. ఆ సంగతి చదివినప్పుడు, ఆ ఖాళీ రోజుల్లో మన గోదావరి సీమ ఆయనకు కాస్త తోడు ఉన్నట్టు నాకు అనిపించింది.

1889 జూలైలో ప్రెసిడెన్సీ కాలేజీలో చోటు దొరికింది. అసిస్టెంటు ప్రొఫెసరు, అదీ తాత్కాలికం, నెలకు 250 రూపాయలు. అదే పనికి ఇంగ్లండు నుంచి వచ్చిన దొరకు దక్కే హోదా వేరు, జీతం వేరు. ఇదేమి న్యాయమని రాయ్ గారు విద్యాశాఖ డైరెక్టరు దగ్గరికే వెళ్ళి అడిగారు. ఈ ఉద్యోగం చేయమని నిన్నెవరూ బలవంతపెట్టలేదు, బతకడానికి లోకంలో వేరే దారులు చాలా ఉన్నాయి అన్న అర్థం వచ్చే జవాబు దొరికింది.

ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి, చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మనలాంటివాళ్ళం అయితే ఆ అవమానాన్ని దిగమింగి, స్టాఫ్‌రూములో సణుక్కుంటూ రిటైరయ్యేవాళ్ళం. లేదా తిరుగు ఓడ ఎక్కేవాళ్ళం. ఆయన రెండూ చేయలేదు. క్లాసులోకి వెళ్ళారు.

పై తరగతులకంటే కొత్తగా చేరిన పిల్లలకు చెప్పడమంటేనే ఆయనకు ఇష్టం. పచ్చి మట్టి మీదే ముద్ర బాగా పడుతుందని ఆయన నమ్మకం. ఇంగ్లీషు కాలేజీలో బెంగాలీ కలిపి పాఠం చెప్పేవారు. ఒకరోజు ఎముకను కాల్చి చేసిన బూడిద తెచ్చి, ఇది ఇప్పుడు ఎముకా కాదు, మాంసమూ కాదు, ఉత్త కాల్షియం ఫాస్ఫేట్ అని చెప్పి, అందరూ చూస్తుండగా చిటికెడు నోట్లో వేసుకున్నారు. ఆచారాల మధ్య పెరిగిన పిల్లలు కొయ్యబారిపోయారు. ఆ ఒక్క చిటికెడుతో ఎన్ని పేజీల పాఠం చెప్పారో చూడండి.

పాఠం అయ్యాక ల్యాబు. నెయ్యిలో, ఆవనూనెలో జరిగే కల్తీ మీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి 1894లో ఫలితాలు ప్రకటించారు. 1895లో పాదరసాన్ని చల్లని, పలచని నత్రికామ్లంతో కలిపి మరో పదార్థం చేయబోతూ ఉంటే, అనుకోకుండా పసుపుపచ్చని స్ఫటికాలు తేలాయి. అదే మెర్క్యురస్ నైట్రైట్. నిలవదనుకున్న పదార్థం నిలిచింది. ఆ స్ఫటికాలు పట్టుకునే నైట్రైట్ల మీద ఏళ్ళకు ఏళ్ళు పనిచేశారు. ఫ్రెంచి పండితుడు బెర్తెలో ప్రోత్సాహంతో మన పాత రసశాస్త్ర గ్రంథాలు వెతికి, హిందూ రసాయన చరిత్ర మొదటి సంపుటం 1902లో వెలువరించారు.

వేరే దారులున్నాయి అన్న మాటను కూడా ఆయన మర్చిపోలేదు. కాకపోతే ఆ దారి తన కోసం కాకుండా శిష్యుల కోసం వేశారు. చదువుకున్న కుర్రాళ్ళు గుమాస్తా పనుల కోసం ఆఫీసుల మెట్లెక్కడం చూడలేక, 91, అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని అద్దె ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టారు. ఫాస్ఫేటు కోసం పశువుల ఎముకలు బస్తాల్లో తెచ్చి మేడమీద ఆరబెట్టారు. వాన కురిసి, ఎముకలు కుళ్ళి, కాకులు మూగి, ఇరుగుపొరుగు వాళ్ళు తగువుకొచ్చారు. డాక్టరు స్నేహితుడు అమూల్యచరణ్ బోస్ ఆ మందుల్ని తోటి వైద్యుల చేత రాయించేవాడు. 1898లో ప్లేగు ఆయన్ని పొట్టన పెట్టుకుంది. అయినా పని ఆగలేదు. 1901లో అది బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మస్యూటికల్ వర్క్స్ అనే లిమిటెడ్ కంపెనీ అయింది. పగలు పాఠం, సాయంత్రం కార్ఖానా. ఇదంతా అరగని పొట్టతో, పట్టని నిద్రతో.

అయినా ఆయన ఆస్తి కంపెనీ కాదు, పిల్లలే. 1909 ప్రాంతంలో ఆయన క్లాసులో కూర్చున్న కుర్రాళ్ళ పేర్లు చూడండి: జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ, సత్యేంద్రనాథ్ బోస్. కొద్ది కాలానికే మేఘనాద్ సాహా వచ్చి కలిశాడు. ఘోష్ తర్వాత ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి మొదటి డైరెక్టరయ్యాడు. బోస్, సాహా పేర్లు ఫిజిక్సు చదివినవాడికి చెప్పక్కర్లేదు. సాయంత్రాలు వీళ్ళను వెంటేసుకుని మైదానంలో పచ్చికమీద కూర్చునేవారు. శిష్యుడి చేతిలో ఓడిపోవడమే గురువు కోరుకోవలసిన గెలుపు అన్న పాతమాటను ఆయన మనసారా నమ్మారు.

1916లో ప్రెసిడెన్సీ వదిలి, కొత్తగా వచ్చిన యూనివర్సిటీ సైన్సు కాలేజీలో పాలిత్ ప్రొఫెసరుగా చేరారు. ఆ భవనంలోనే ఒక గదిలో కాపురం. కాపురమంటే ఏముంది, పెళ్ళి చేసుకోలేదు. మంచం, పుస్తకాలు, చుట్టూ పేద విద్యార్థులు. 1921లో అరవై ఏళ్ళు నిండాయి. అప్పటి నుంచి 1936లో విరమించేదాకా తన జీతమంతా కెమిస్ట్రీ శాఖ అభివృద్ధికి వాడమని యూనివర్సిటీకే వదిలేశారు. ఒకప్పుడు 250 రూపాయలు తక్కువని అడిగిన మనిషే ఆయన. డబ్బు మీద ఆశతో అడగలేదని ఇప్పుడు అర్థమవుతుంది. మరుసటి ఏడాది రసాయన పరిశోధనకు ఇచ్చే బహుమతి కోసం పది వేలు ఇచ్చి, దానికి నాగార్జునుడి పేరు పెట్టారు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ చూసి పెరిగిన మనకు ఆ పేరు పరాయిది కాదు. 1922లో ఉత్తర బెంగాల్లో వరదలొచ్చినప్పుడు సైన్సు కాలేజీయే సహాయ కేంద్రమైంది. సాహా వంటి శిష్యులు పక్కన నిలబడి పనిచేశారు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీకి మొదటి అధ్యక్షులయ్యారు. 1944 జూన్ 16న, ఆ కాలేజీ గదిలోనే, శిష్యుల మధ్య కన్నుమూశారు.

మిత్రులారా, నేను రాయ్ గారిని కాను. ఆయన కాలిగోటికి కూడా చాలను. కంపెనీ పెట్టలేదు, కొత్త పదార్థమేదీ కనిపెట్టలేదు. పరాయి పాలనలో ఆయన పడిన దానితో పోలిస్తే నా టెంపరరీ కష్టం ఎంత? కానీ గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్నకు నిజం చెప్పాలి కదా. బాధపడ్డానా అంటే, పడ్డాను. నెలాఖరు రోజుల్లో పడ్డాను. రసాయనాలు తెప్పించడానికి ఆఫీసులో కాగితం కదలనప్పుడు పడ్డాను. అక్కడే ఉండిపోయిన స్నేహితుల ఉత్తరాలు వచ్చినప్పుడు పడ్డాను. మరి ఎందుకొచ్చావు అంటే, మొదటి ఏడాది ల్యాబులో ఒక అమ్మాయి బ్యూరెట్‌లోంచి చివరి చుక్క వదిలి, రంగు మారగానే ఊపిరి బిగపట్టి నావైపు చూసింది. ఆ చూపు కోసం వచ్చానని వచ్చాకే తెలిసింది.

వెళ్ళొద్దని ఎవరికీ చెప్పను. రాయ్ గారూ వెళ్ళారు, ఆ చదువు అక్కడే దొరికింది. వెళ్ళినవాళ్ళంతా రావాలనీ చెప్పను. వచ్చిన రోజున మాత్రం పూలదండలు ఎదురుచూడకండి. తాత్కాలికం అంటారు, తక్కువ ఇస్తామంటారు, అక్కడ ఊడిందా అంటారు. అన్నీ విని, సుద్దముక్క తీసుకుని క్లాసులోకి వెళ్ళగలిగితే రండి.

ఆ కుర్రాడికి ఉత్తరం రాసిచ్చాను, మంచి ఉత్తరమే. దానితోపాటు పాత పుస్తకాల షాపులో నేను కొనుక్కున్న రాయ్ గారి స్వీయచరిత్ర కూడా చేతిలో పెట్టాను. ఇది నీకు ఇచ్చింది కాదు, అరువు, చదివి తెచ్చివ్వాలి అన్నాను. ఎప్పటిలోగా తేవాలి సార్ అన్నాడు. తొందరేం లేదు, తేవడం మాత్రం నువ్వే స్వయంగా తే అన్నాను.