సింధియా పేరు వెనుక వాల్‌చంద్

విశాఖపట్టణమున సింధియా యనగానే జనులకు బస్సులాగు కూడలి జ్ఞప్తికి వచ్చును. గ్వాలియరు రాజుల వంశనామము ఈ తూర్పుతీరమునకు వచ్చి యెట్లు స్థిరపడినదో నేటి యువకులలో పెక్కుమంది యెరుగరు. మన తీరమున సరకు మోయు హక్కు ఎవరిదను తగవు ముప్పది యేండ్లు సాగినది. ఆ తగవులో ఓడిపోవుచు నిలిచిన సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ గారి వలననే ఆ పేరు మనకు వచ్చినది.

ఆయన 1882వ సంవత్సరము నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించిరి. గుజరాతు నుండి వలసవచ్చిన జైన వర్తక కుటుంబము. ప్రత్తి బేరము, వడ్డీ వ్యాపారము వారి వృత్తి. పెద్దల గాదీపై కూర్చుండి చిట్టాలు వ్రాయుట ఆయనకు రుచింపలేదు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన ఫాటక్ అను మిత్రునితో కలిసి రైలుమార్గముల కంట్రాక్టులు పట్టిరి. కొండలు తొలిచి, సొరంగములు వేసి ధనము గడించిరి. సముద్రముతో ఆయనకు అంతవరకు సంబంధమే లేదు.

1919లో గ్వాలియరు మహారాజా సింధియాకు చెందిన ‘లాయల్టీ’ అను ఓడ అమ్మకమునకు వచ్చెను. మహాయుద్ధమున అది క్షతగాత్రులను మోసిన ఆసుపత్రి ఓడ. నరోత్తమ్ మొరార్జీ మొదలగు మిత్రులతో చేరి వాల్‌చంద్ దానిని కొని, మార్చి 27న సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించిరి. ఏప్రిల్ 5న ఆ ఓడ బొంబాయి నుండి లండనుకు బయలుదేరెను. అచ్చటికి చేరుట సుకరమే యైనది, తిరుగు ప్రయాణమునకు సరకు దొరకుట మాత్రము దుష్కరమైనది. ఓడ నడుపుట వేరు, ఓడకు సరకు దొరకుట వేరు అని ఆయనకప్పుడు బోధపడెను.

ఇచ్చట ఒక కిటుకును పాఠకులు గ్రహింపవలెను. ఆనాడు మన తీరమున బ్రిటిష్ ఇండియా కంపెనీదే యేకచ్ఛత్రాధిపత్యము. ఏ చట్టమును దేశీయ ఓడలను నిషేధింపలేదు. చట్టము ఊరకుండుటయే ఆ కంపెనీకి వరమయ్యెను. వర్తకుడు చెల్లించిన కేవులో కొంత భాగమును కంపెనీ తనవద్ద నిలిపియుంచును. కొన్ని నెలలపాటు అతడు తన సరకంతయు ఆ కంపెనీ ఓడలకే ఇచ్చినచో ఆ సొమ్ము తిరిగి వచ్చును. నడుమ ఒక్క బస్తా పరాయి ఓడ కెక్కించెనా, అంతయు పోయినట్లే. ఎంత స్వదేశాభిమాని యైనను చేతిసొమ్ము పోగొట్టుకొని కొత్త ఓడను పోషింపగలడా? దీనికి తోడు పోటీదారుడు కనబడినంతనే కేవు నష్టమునకు సైతము తగ్గించుట యొకటి. తూత్తుకుడిలో 1906న చిదంబరం పిళ్ళై గారు నెలకొల్పిన స్వదేశీ కంపెనీ ఇట్టి పోటీకే బలియైనది.

సింధియా బలి కాలేదు, కాని లొంగినది. 1923లో బ్రిటిష్ ఇండియాతో పదియేండ్ల ఒడంబడిక కుదిరెను. తీరము, బర్మా, సింహళము దాటి పోరాదు. 75,000 టన్నులకు మించి ఓడలుంచరాదు. ఇది అవమానమని కొందరందురు. నాకు మాత్రము అది బ్రదికి బట్టకట్టుటకు చెల్లించిన వెలగా తోచును. ప్రభుత్వము నియమింపక విడిచిన చోట బలవంతుడే నియమము చేయును.

కావున తగవు శాసనసభ కెక్కెను. ప్రభుత్వము నియమించిన నౌకావాణిజ్య సంఘమే 1924లో తీరవర్తకమును దేశీయ ఓడలకు ప్రత్యేకింపవలెనని సిఫారసు చేసెను. ప్రభుత్వము కదలలేదు. 1928లో ఎస్. ఎన్. హాజీ గారు కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిరి. అది చట్టము కాకయే ముగిసినది. పైపెచ్చు 1935 రాజ్యాంగ చట్టము బ్రిటిష్ ఓడలపట్ల వివక్ష కూడదని కట్టడి చేసెను. ఈ పోరాటమున సింధియా లాభమును కలదు, దానిని దాచనేల? ఐనను స్వలాభము, దేశలాభము ఒకే దారిన నడచిన సందర్భములలో ఇది యొకటి.

విశాఖతో ఆయన కంపెనీకి ముడి 1933లోనే పడెను. అక్టోబరు 7న ఈ రేవున తొలుత ప్రవేశించిన ఓడ సింధియావారి ‘జలదుర్గ’యే. ఓడలు కట్టు కర్మాగారమునకు వాల్‌చంద్ మొదట కోరినది కలకత్తా. అచ్చట అనువైన స్థలము చిక్కక విశాఖకు వచ్చిరి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిరి. పట్టుమని పది నెలలైనను గడువకమునుపే, 1942 ఏప్రిల్ 6న, జపానువారి బాంబులు పట్టణముపై పడెను. యంత్రములను బొంబాయికి తరలించి, మరల తెచ్చి పని సాగించిరి. 1948 మార్చి 14న నెహ్రూ గారు ఎనిమిదివేల టన్నుల ‘జల ఉష’ను నీట విడిచిరి.

స్వతంత్రము వచ్చిన యేడే సర్ సి. పి. రామస్వామి అయ్యర్ గారి ఉపసంఘము తీరవర్తకమంతయు దేశీయ ఓడలకే చెందవలెనని నిర్ణయించెను. 1950 దశకారంభమున అది ఆచరణమునకు వచ్చెను. అప్పటికి వాల్‌చంద్ పక్షవాతమున పడి, 1950లో కంపెనీ అధ్యక్షత విడిచిరి. 1952లో కర్మాగారమున మూడింట రెండు వంతులు ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఏర్పడెను. 1953 ఏప్రిల్ 8న గుజరాతులోని సిద్ధపురమున ఆయన కన్నుమూసిరి.

తీరవర్తకమునకు లైసెన్సు విధించిన 1958 నౌకావాణిజ్య చట్టమును ఆయన చూడలేదు. ఆ కట్టడి 2018లో విదేశీ ఓడల కంటెయినర్ల విషయమున కొంత సడలెను. 2025 తీర నౌకాయాన చట్టము దేశీయ ఓడలకు లైసెన్సు అక్కరలేదని, విదేశీ ఓడలకే కావలెనని తీర్మానించెను. లాయల్టీ బయలుదేరిన ఏప్రిల్ 5వ తేదీని 1964 నుండి జాతీయ నౌకాయాన దినముగా జరుపుచున్నారు. సింధియా కంపెనీ ఓడలు నేడు సముద్రముపై లేవు. గాజువాక బస్సులపై పేరు మాత్రము కలదు.