కొబ్బరితోటలో రాకెట్: విక్రమ్ సారాభాయ్

పిల్లలూ, రాకెట్ అనగానే మీకు చందమామ మీదికి వెళ్ళేదే గుర్తొస్తుంది కదా! ఇంకో రకం రాకెట్లు ఉన్నాయి. చిన్నవి. పైకి వెళ్ళి, అక్కడి గాలి ఎలా ఉందో కొన్ని నిమిషాలు కొలిచి, మళ్ళీ కిందికొచ్చి సముద్రంలో పడిపోతాయి. వీటిని సౌండింగ్ రాకెట్లు అంటారు. సౌండ్ అంటే చప్పుడు అనుకునేరు! ఓడవాళ్ళు సముద్రం లోతు కొలవడాన్ని ఇంగ్లీషులో సౌండింగ్ అంటారు. ఆ మాటే వీటికీ వచ్చింది.

మన దేశానికి ఈ రాకెట్లను తెచ్చినవారు విక్రమ్ సారాభాయ్ గారు. ఆయన 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టారు. వాళ్ళది బట్టల మిల్లులున్న బాగా డబ్బున్న కుటుంబం. హాయిగా మిల్లులు చూసుకుంటూ ఉండొచ్చు. కానీ ఆయనకి ఆకాశం మీద మనసు. ఇంగ్లాండులో కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. యుద్ధం రావడంతో ఇండియాకి వచ్చి, బెంగళూరులో సి.వి. రామన్ గారి దగ్గర కాస్మిక్ కిరణాల గురించి పరిశోధన చేశారు. 1947లో అహ్మదాబాద్‌లో ఒక పరిశోధనాశాల మొదలుపెట్టారు.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. బెలూన్లు దాదాపు 40 కిలోమీటర్లు దాటి వెళ్ళలేవు. ఉపగ్రహాలేమో అంతకన్నా చాలా పైన తిరుగుతాయి. మరి మధ్యలో ఏముంది? అది తెలియాలంటే రాకెట్టే పంపాలి.

అందుకు సరైన చోటు కేరళలో తిరువనంతపురం పక్కన ఉన్న తుంబా. భూమికి మామూలు భూమధ్యరేఖ ఉన్నట్టే అయస్కాంత భూమధ్యరేఖ కూడా ఒకటుంది. అక్కడ వేలాడదీసిన అయస్కాంతం ముల్లు పైకీ కిందికీ వంగకుండా తిన్నగా ఉంటుంది. ఆ గీత పైన, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున, గాలిలో కరెంటు ఏరులా ప్రవహిస్తుంది. తుంబా దాదాపు ఆ గీత మీదే ఉంది.

అయితే తుంబా ఖాళీ స్థలం కాదు. అక్కడ చేపలు పట్టుకునేవాళ్ళ ఇళ్ళు, వాళ్ళ చర్చి ఉన్నాయి. సారాభాయ్ గారు బిషప్ గారిని కలిసి అడిగారు. ఆయన తనొక్కరే నిర్ణయించకుండా, ప్రార్థనకి వచ్చిన జనాన్నే అడిగారు. వాళ్ళు సరే అన్నారు. ఆలోచించండి, పుట్టి పెరిగిన ఇల్లు, మొక్కుకునే గుడి వదిలి వెళ్ళడం చిన్న విషయమా? మనం రాకెట్ తయారు చేసినవాళ్ళ పేర్లే చదువుతాం. నాకైతే ఈ ఊరివాళ్ళే ముందు గుర్తొస్తారు.

చర్చి వర్క్‌షాపు అయింది. బిషప్ గారి ఇల్లు ఆఫీసు అయింది. రాకెట్ భాగాలు సైకిల్ మీద కూడా వెళ్ళేవి! సైకిల్ వెనక రాకెట్ ముక్కుభాగం పెట్టుకుని నడిపించుకెళ్తున్న ఫోటో ఇప్పటికీ ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళని చూపించమనండి.

1963 నవంబరు 21. రాకెట్ అమెరికాది, పేరు నైకీ అపాచీ. పైకి ఎత్తుతుంటే క్రేన్ నుంచి ఆయిల్ కారింది. అందరూ చేతులు వేసి రాకెట్‌ని సరిగ్గా నిలబెట్టారు. సాయంత్రం రాకెట్ ఎగిరింది. అందులో సోడియం ఉంది, మనం తినే ఉప్పులో ఉండేదే. పైకెళ్ళాక అది ఆవిరై నారింజ రంగు మబ్బులా పరుచుకుంది. కింద చీకటి పడుతున్నా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది, అందుకే అలా మెరిసింది. ఆ మబ్బు ఎటు కదిలితే పైన గాలి అటు వీస్తున్నట్టు.

పేద దేశానికి ఇవన్నీ ఎందుకని చాలామంది అడిగారు. వాన ఎప్పుడొస్తుందో చెప్పడానికి, పల్లెటూళ్ళకి టీవీ పాఠాలు పంపడానికి ఇదే దారి అని సారాభాయ్ గారు నమ్మారు. 1967లో మన వాళ్ళే చేసిన రోహిణి రాకెట్ ఎగిరింది. అది కేవలం 75 మిల్లీమీటర్ల లావు, మీ చేతిలో పట్టేంత!

పెద్ద రాకెట్ల కోసం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న మన శ్రీహరికోటని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి సౌండింగ్ రాకెట్ లేచింది. అదే ఏడాది డిసెంబరు 30న, తుంబా పనులు చూడడానికి వెళ్ళిన సారాభాయ్ గారు కోవళంలో నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 52 ఏళ్ళు. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట 1975లో వెళ్ళింది. ఆయన దాన్ని చూడలేదు.

తుంబాలో ఆ చర్చి ఇంకా ఉంది. ఇప్పుడది రాకెట్ల మ్యూజియం.