ఆకలి చేతులు కట్టిన మందిరం

మెదక్ చర్చిలో అడుగుపెట్టగానే అందరి చూపూ ఆల్టర్ వెనుక ఉన్న రంగుటద్దాల కిటికీ మీదికే పోతుంది. శిష్యులు చూస్తుండగా ప్రభువు పరలోకానికి ఆరోహణమవుతున్న దృశ్యమది. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన ఆ కిటికీని 1927లో అమర్చారు. పగటి వెలుగు బయటి నుంచి పడితేనే ఆ రంగులు పలుకుతాయి. చీకటి పడ్డాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా బొమ్మ కనబడదు. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి సంఘమంతా బస్సు కట్టుకుని వెళ్లి, దారిలో ఆలస్యమై సాయంత్రానికి చేరితే ఉత్త నల్లటి గాజు చూసి రావాల్సిందే.

కిటికీని మెచ్చుకునే మనం దాని కింద ఉన్న రాళ్ల కథను అంతగా పట్టించుకోం. ఆ కథ చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే దైవజనునిది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా ఆయన 1895లో సికిందరాబాదు వచ్చారు. తిరుమలగిరిలో బ్రిటిషు సైనికులకు ఆత్మీయ పరిచర్య చేయడం ఆయనకు అప్పగించిన పని. తెల్లవారికి తెల్లవాడు బోధించే ఆ పనిలో ఆయనకు తృప్తి కలగలేదు. మరుసటి ఏడే పల్లెల దారి పట్టి మెదక్ చేరారు. అక్కడ ఆ పల్లెల పేదల మధ్యే దశాబ్దాలపాటు గడిపారు. బడులు, వైద్యం, గ్రామ బోధకుల శిక్షణ ఒకదాని వెంట ఒకటి ఆ మిషను పనిలో చేరాయి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మెదక్ ప్రాంతాన్ని కరవు పట్టింది. అంతకు ముందే తలపెట్టిన మందిర నిర్మాణం అప్పుడు కూలి దొరికే చోటైంది. పనికి వచ్చినవారికి తిండి దొరికింది. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. ఇంగ్లండులోని బోల్టన్ వాస్తుశిల్పులు గీసిన గోథిక్ నమూనాను మన పల్లె కూలీలు రాతిలో నిలబెట్టారు. నేల మీద పరిచిన రంగు పలకలు బ్రిటన్ నుంచి ఓడలో వచ్చాయి, వాటిని ఇటలీ మేస్త్రీలు అమర్చారు. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, సుమారు 175 అడుగుల గోపురం! అది బిషపుల కోసం కట్టినది కూడా కాదు. మెథడిస్టు సంఘానికి ఇక్కడ అప్పటికి బిషపులే లేరు.

గింజల కోసమే మతం మారారని ఆ సంఘం మీద ఈనాటికీ మాట వినబడుతూనే ఉంటుంది. దీన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆకలితో ఉన్నవాని మనసులో అన్నం ఎంత, వాక్యం ఎంత అని ఎవరు తూచగలరు? రొట్టెలు తిని తృప్తిపొందినందువల్లే జనులు తనను వెదుకుతున్నారని ప్రభువు స్వయంగా వారి ముఖం మీదే చెప్పాడు. అయినా రొట్టెలు పంచినందుకు ఆయన విచారించలేదు. పాస్నెట్ కూడా అన్నం పెట్టి ఊరుకోలేదు. పనిచేసినవాడు కూలి తీసుకున్నాడు, బిచ్చం కాదు. కరవు తీరాక కూడా పల్లెల్లో బడులు, బోధకులు మిగిలారు. మా దృష్టిలో మందిరం కంటే కష్టమైన పని అదే.

1924 డిసెంబరు 25న మందిర ప్రతిష్ఠ జరిగింది. నూరేళ్ల పండుగను 2024 క్రిస్మస్‌కు జరుపుకున్నాం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆ తరువాత ఈ మందిరం మెదక్ అధ్యక్ష మండలానికి కేథడ్రల్ అయింది. హైదరాబాదులోని ఎన్నో సీఎస్ఐ సంఘాలు ఆ మండలంలోనివే.

పాస్నెట్ మాత్రం ఆల్టర్ వెనుక కిటికీ ఒక్కటే చూసి ఇంగ్లండు వెళ్లిపోయారు. ఇరుపక్కలా ఉన్న మిగతా రెండు కిటికీలు ఆ తరువాత వచ్చాయి. ప్రభువు జననాన్ని చూపేది 1947లో, సిలువను చూపేది 1958లో అమర్చారు. కరవులో రాళ్లు మోసినవారి మనవలు ఆ నాటికి అదే నేల మీద కూర్చుని ఆరాధిస్తూ ఉండి ఉంటారు.