నేపాళ ప్రజానాయకుడు విశ్వేశ్వర ప్రసాద కొయిరాలా

సముద్రతీరము లేని దేశము ప్రపంచముతో బేరమాడవలెనన్న పొరుగువాని వాకిలి దాటి పోవలయును. కాకినాడ, విశాఖపట్టణము, మచిలీపట్టణము రేవులు కన్నులయెదుట నున్న ఆంధ్రులకు ఈ చిక్కు సులభముగ బోధపడదు. మన రైతు పండించిన పొగాకు ఓడ నెక్కుటకు పరదేశపు సుంకపు చౌకీలను దాటనక్కరలేదు. నేపాళమున కట్టి భాగ్యము లేదు. ఉత్తరమున హిమాలయము, తక్కిన మూడు దిక్కులను భారతదేశము. ఎగుమతి దిగుమతులకు చిరకాలముగ వాడుకలోనున్న రేవు కలకత్తా. ఆ దేశమున ప్రజలెన్నుకొనిన తొలి ప్రధానమంత్రియై, పదునెనిమిది మాసములు నిండిన కొలది దినములకే కారాగారమునకు పోయిన విశ్వేశ్వర ప్రసాద కొయిరాలా చరిత్రమును మా పాఠకులకు విన్నవింప దలచితిమి.

ఆయన జీవితము నెరుగుటకు ముందు ఆనాటి నేపాళము నెరుగవలయును. 1846లో జంగ్ బహదూరు అధికారమును హస్తగతము చేసికొన్నది మొదలు 1951 వరకు రాణా వంశీయులు ప్రధానమంత్రిత్వమును తమ యింటి సొత్తుగ ననుభవించిరి. రాజు పేరునకు మాత్రమే రాజు. దేశపు బొక్కసమునకును ప్రధానమంత్రి సొంతపెట్టెకును నడుమ గోడ లేదు. ఆ పాలన ముగియునాటికి అక్షరాస్యులు నూటికి ఐదుగురికి మించరు. 1927లో సరిహద్దునందలి రక్సౌలునుండి అమలేఖగంజు వరకు చిన్న రైలుమార్గము పడినది. అటుపిమ్మట కొంతదూరము లారీపైనను, కొండలమీదుగ తీగెలపై వ్రేలాడు తొట్లలోను, కూలివాని వీపుపైనను సరకు కాట్మండు చేరుచుండెను. రాణాల మోటారుకారులను సైతము కూలీలే కొండలు దాటించిరి. మనుష్యుని మోయవలసిన బండిని మనుష్యులు మోసిన దేశమున, ఉప్పు బస్తా ధర యెట్లుండునో, ధాన్యపు బస్తాకు గిట్టుబాటు ఎంతయుండునో వేరుగ చెప్పనేల?

కొయిరాలా 1914 సెప్టెంబరు 8వ తేదీన కాశీలో జన్మించెను. తండ్రి కృష్ణప్రసాదు తరాయి ప్రాంతపు వర్తకుడు. నిరుపేదలు ధరించు చినిగిన బట్టలను మూటకట్టి, ప్రజలెట్లున్నారో చూడుమని ప్రధానమంత్రి చంద్ర శంషేరునకు ఆయన పంపినట్లు నేపాళీయులు నేటికిని చెప్పుకొందురు. ప్రభువునకు ఆగ్రహము వచ్చెను. ఆస్తి జప్తయ్యెను; కుటుంబము భారతదేశమున తలదాచుకొనెను. కాలాంతరమున ఆ కృష్ణప్రసాదు రాణాల చెరలోనే కన్నుమూసెను. కనుక దారిద్ర్యమును గూర్చి మాటలాడుటకు ఎంత మూల్యము చెల్లింపవలయునో కుమారునకు బాల్యముననే తెలిసినది.

కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, కలకత్తాలో న్యాయశాస్త్రము ముగించి, ఆయన డార్జిలింగున న్యాయవాదవృత్తి నారంభించెను. మన స్వాతంత్ర్యసమరమును పరుల పోరాటముగ నెంచలేదు. 1942 ఉద్యమమున పట్టుబడి 1945 వరకు ఆంగ్లేయుల చెరలో నుండెను. భారతదేశము విముక్తము కానిది నేపాళమునకు విముక్తి లేదని ఆయన నిశ్చయము. మన స్వరాజ్యమునకై చెరసాల ననుభవించిన ఈ పొరుగువానియెడ మనకు ఋణము కలదని మేము తలంతుము.

1947 జనవరిలో కలకత్తాయందు నేపాళీ జాతీయ కాంగ్రెసు స్థాపితమయ్యెను. మార్చిలో విరాటనగరపు జనపనార మిల్లులో సమ్మె చెలరేగెను. పంటపొలములలో దిగుబడియగు జనుము మిల్లుకు చేరి గోనెగా మారుచున్నను, నేసిన కూలివానికి దినవెచ్చము చాలకుండెను. సమ్మెకు తోడుపడిన కొయిరాలాను బంధించి కొండదారులవెంట కాలినడకను కాట్మండు చేర్చిరి. మహాత్మాగాంధీ కోరికపై ఆ యేడే విడుదల చేసిరి. మరల రహస్యముగ రాజధాని ప్రవేశించి పట్టుబడి, 1949లో నిరాహారదీక్ష వహించి బయటపడెను. 1950 నవంబరున త్రిభువన మహారాజు భారత రాయబార కార్యాలయమున శరణుజొచ్చుటయు, కాంగ్రెసు సాయుధపోరాటము నారంభించుటయు, 1951 ఫిబ్రవరిలో ఢిల్లీ యందు రాజీ కుదురుటయు, కొయిరాలా కొలది మాసములు హోంమంత్రిగ నుండుటయు లోకవిదితములే.

అటుపై ఎనిమిదేండ్లు మంత్రివర్గములు వచ్చుచు పోవుచుండెను. తుదకు 1959లో తొలి సాధారణ ఎన్నికలు జరిగెను. 109 స్థానములలో 74 నేపాళీ కాంగ్రెసునకు దక్కెను. మే 27వ తేదీన కొయిరాలా ప్రధానమంత్రి యయ్యెను.

ఇచట మా పాఠకులలోని భూస్వాములు కించిత్తు శ్రద్ధ వహింపవలెనని ప్రార్థన. ఇనాము, అగ్రహారము అను మాటల నెరిగినవారికి బిర్తా యను మాట అర్థమగుటకు ఎక్కువ కాలము పట్టదు. ప్రభువు తన బంధువులకును ఆశ్రితులకును దారాదత్తము చేసిన, చాలవరకు పన్నులేని భూమియే బిర్తా. 1950 నాటికి దేశపు సాగుభూములు, అడవులు కలిపి ఇంచుమించు మూడవవంతు ఈ తీరుననే యుండెను. అందు అధికభాగము రాణా కుటుంబములది. దున్నువాడు పంటలో భాగమిచ్చును. భాగము తినువాడు సర్కారునకు శిస్తు చెల్లింపడు. వ్యవసాయము తప్ప వేరాధారము లేని దేశమున సర్కారునకు శిస్తు రాకున్న బడి యెట్లు వెలయును? బాట యెట్లు పడును? కాలువ యెవరు త్రవ్వుదురు? ఈ ప్రశ్నకు కొయిరాలా ప్రభుత్వమిచ్చిన సమాధానము 1959 నాటి బిర్తా రద్దు చట్టము. ఆ భూములు రైకరు, అనగా సర్కారు శిస్తునకు లోబడిన భూములయ్యెను. ఉపప్రధానియు ఆర్థికమంత్రియునగు సువర్ణ శంషేరు స్వయముగ రాణా వంశీయుడే యగుట గమనింపదగినది.

ఈ చట్టము సర్వరోగనివారిణి యని మే మనము. బిర్తాదారులలో పలువురు శిస్తు చెల్లించు భూస్వాములుగ నిలిచిరి. కౌలుదారు భూమికి యజమానుడు కాలేదు. అయినను శతాబ్దముపైగా మినహాయింపు ననుభవించినవారు ఇతరులవలె శిస్తు కట్టవలసివచ్చుట సామాన్యమైన మార్పు కాదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టమును చూచిన మనవారు అచటి గగ్గోలును ఊహింపగలరు.

రెండవ సంకటము బాటది. 1950 నాటి వర్తకపు ఒడంబడికచే నేపాళపు సుంకములు మన సుంకములకు ముడిపడియుండెను. విదేశీద్రవ్యము మన ఖాతాలోనే చేరుచుండెను. 1960 సెప్టెంబరున కుదిరిన క్రొత్త ఒడంబడికలో నేపాళమునకు స్వతంత్రమగు వర్తకనీతియు, స్వంత విదేశీద్రవ్యపు ఖాతాయు, మన భూమిమీదుగ సరకును మూడవ దేశమునకు చేర్చుకొను సౌకర్యమును లభించెను. ఆ యేడే నూరు భారతరూపాయలకు నూటయరువది నేపాళీ రూపాయలని మారకము స్థిరపడెను. అంతకు ముందు అంగడి రేటు ఎగుడుదిగుడులకు లోనగు నాణెముతో పంట నమ్ముకొనిన రైతునకు ఇది చిన్న ఊరట కాదు.

1959 డిసెంబరున సంతకమైన గండకీ ఒడంబడికను గూర్చి మాత్రము ఆయనపై నేపాళమున తీవ్రనింద పడినది. నీటిలో హెచ్చుభాగము బీహారు, ఉత్తరప్రదేశములకే పోయినదని ప్రత్యర్థులు పలికిరి. ఆ పలుకులో సత్యము లేకపోలేదని భారతీయులమైన మనము ఒప్పుకొనుట న్యాయము.

నేపాళీయులు చెప్పుకొను ముచ్చట యొకటి కలదు. ప్రణాళికాసంఘమువారు కూర్చుండు గదిలో నాగలి పట్టిన రైతు చిత్తరువును వ్రేలాడదీయుమని కొయిరాలా సలహా యిచ్చెనట. ఏ పద్దు వ్రాసినను దానివలన ఆ రైతునకేమి కలుగునని చిత్తరువును చూచి ప్రశ్నించుకొనవలెనని ఆయన యుద్దేశము. ఇంతకన్న క్లుప్తమగు అర్థశాస్త్రమును మేమెరుగము.

1960 డిసెంబరు 15వ తేదీన మహేంద్ర మహారాజు ప్రభుత్వమును తొలగించి, పార్లమెంటును రద్దుచేసి, యువజనసభలో నున్న ప్రధానమంత్రిని సైనికులచే బంధింపజేసెను. విచారణ లేకయే ఎనిమిదేండ్లు సుందరీజలమున చెర. ఆ నిర్బంధములో ఆయన నవలలు వ్రాసెను. నేపాళ సాహిత్యమున ఆయన స్థానము రాజకీయములతో నిమిత్తము లేకయే నిలువగలది. 1968లో విడుదలై కాశీ చేరెను. మరణదండనకు తగిన నేరములు మోపబడియున్నను, 1976 డిసెంబరు 30వ తేదీన జాతీయ సమైక్యమును కోరుచు స్వదేశమునకు మరలెను, దిగినంతనే బంధింపబడెను. 1980 ప్రజాభిప్రాయసేకరణలో బహుపక్ష విధానము స్వల్పాధిక్యముతో ఓడిపోగా, ఆ తీర్పును శిరసావహించెను. గొంతుపుండుతో దీర్ఘకాలము బాధపడి 1982 జూలై 21వ తేదీన కాట్మండులో పరమపదించెను.

ఆయనను చెరబెట్టిన రాజు సైతము బిర్తాలను తిరిగి ఈయలేదు. 1964లో భూపరిమితి చట్టమును తానే తెచ్చెను. 1990లో బహుపక్ష పాలన మరల వచ్చినది. 2008లో రాజరికమే పోయినది. కాని బాట చిక్కు తీరలేదు. 1989లో ఒడంబడిక గడువు ముగియగా భారతప్రభుత్వము రెండు చౌకీలు తప్ప తక్కిన వర్తకద్వారములను మూసినప్పుడును, 2015లో సరిహద్దున సరకు నిలిచిపోయినప్పుడును, వంటచెరకునకును ఔషధములకును నేపాళీయులు పడిన యిక్కట్లు మనకు గర్వకారణములు కావు. ఒకప్పుడు తరాయి బియ్యము మన దేశమునకు వచ్చెడిది. నేడు నేపాళమే బియ్యమును దిగుమతి చేసికొనుచున్నది. లక్షలాది యువకులు పొలము విడిచి గల్ఫు దేశములకును మలేసియాకును కూలికి పోవుచున్నారు.

ఇందు మన బాధ్యత యెంతయని విచారించుట యుచితము. మెరకపొలమువానికి పల్లపుపొలము గట్టుపై దారి విడుచుట మన పల్లెలలో మర్యాద; దానిని కోపము వచ్చిననాడు మూయుట పెద్దరికము కాదు. ఇక నేపాళీయులు స్వయముగ చేసికొనవలసిన పనిని కొయిరాలా 1959లోనే చూపెను. భూమి గలవాడు తన భాగము శిస్తు కట్టవలయును. ఆ శిస్తు రైతు కంటికి కనబడునట్లు ఖర్చు కావలయును. పదునెనిమిది మాసములలో ఆ మహాశయుడు ప్రారంభించిన కార్యములో మొదటి సగము కొంతవరకు నెరవేరినది. రెండవ సగము ఇంకను మిగిలియున్నది.