బడిలో అయివారు, భారత ఫుట్‌బాల్‌కు ఉస్తాద్: రహీం సాబ్

కోడుమూరులో గానీ, కర్నూలు, కడపలో గానీ పిల్లోన్ని ఆటలో చేర్పించాలంటే తల్లిదండ్రులు ముందుగా ఆరా తీసేది ఒక్కటే. కోచ్ ఎంత పెద్ద ఆటగాడు, ఎక్కడెక్కడ ఆడినాడు అని. ఆ లెక్కన చూస్తే సయ్యద్ అబ్దుల్ రహీంకు పెద్ద మార్కులు పడవు. ఆయన భారత జట్టు తరఫున ఆడలేదు. అయినా మన దేశ ఫుట్‌బాల్‌కు ఆయన తెచ్చినంత పేరు మరే కోచ్ తేలేకపోయాడు.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత తీసుకుని, చనిపోయేదాకా మోశారు.

పంతులు పనే ఆయన్ని కోచ్‌గా తయారుచేసింది. ఎవరికి ఏది రాదో పట్టుకుని, దాన్నే చేయించేవారు. బంతిని కాళ్లతో ఆడిస్తూ పోకుండా వెంటనే పాస్ చేయాలన్న నిబంధనతో పోటీలు పెట్టారు. కుడికాలి ఆటగాళ్లను ఎడమకాలితోనే ఆడించిన పోటీలు కూడా ఉన్నాయి. ఆ శిక్షణ ఫలితం తొందరగానే కనిపించింది. 1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బాధ్యత తీసుకున్నారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెల్చింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనోళ్లలో చాలామంది ఆ చలిలో ఒట్టికాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956లో మెల్‌బోర్న్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం పోయిన మొదటి ఆసియా జట్టు మనదే. నాలుగో స్థానం దక్కింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. పైగా రాజకీయ గొడవల వల్ల స్టేడియంలో జనమంతా భారత్ మీద కోపంగా ఉన్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురొచ్చింది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. భారత్ 2-1తో గెల్చింది.

ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన వయసు అప్పటికి 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత బంగారం రానేలేదు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత తండ్రి దారిలోనే కోచ్ అయ్యారు.

బాగా ఆడినోళ్లంతా బాగా నేర్పలేరు. ఆడటం ఒక విద్య, నేర్పటం ఇంకో విద్య. పిల్లోన్ని కోచ్ చేతిలో పెట్టేటప్పుడు గోడమీది పతకాలే కాదు, ఓడిపోయి వచ్చిన పిల్లోడితో ఆ మనిషి ఎట్లా ఉంటాడో కూడా చూసుకోవాలి. పది గోల్స్ తిన్న జట్టును నాలుగేళ్లలో ఒలింపిక్ సెమీస్‌కు చేర్చిన రహీం సాబ్ బతుకు చెప్పే పాఠం అదే.